కూలెంట్ ముల్లుగారికి విన్నపం

బల్లార్పూర్, మే నెల, మిట్టమధ్యాహ్నం

శ్రీయుత ముస్టాంగ్ కూలెంట్ ముల్లుగారికి,

తమరు క్షేమమని తలుస్తాను. ఆన్‌లైన్ విమానాల ఆటలో నా ముస్టాంగ్ యుద్ధవిమానం ఇంజన్ మాత్రం నిన్న పోయింది, దాన్ని చల్లబరిచే ద్రవం వేడి చూపించే తమరి కళ్లముందే.

భోజనం కూడా మాని, అరగంట ఎగిరి, మెసర్‌ష్మిట్ 109 అనే ఒక శత్రువిమానం వెనక చేరాను. అది ముక్కు పైకెత్తింది, నేనూ ఎత్తాను. థ్రాటిల్ ఆఖరిదాకా తోశాను, ఇంజన్‌లోకి పోయే గాలి ఒత్తిడి 67 అంగుళాలు, 3000 ఆర్పీఎం. ఆ పవర్ ఐదు నిమిషాలు వాడుకోవచ్చని మాన్యువల్లో ఉంది. గడియారం చూసి మరీ వాడాను. మూడున్నర నిమిషాలకే తమరు 121 డిగ్రీల గీత దాటేశారు. మిగతా నిమిషంన్నర ఎవరు తిన్నారండీ?

జాయ్‌స్టిక్ దానంతటదే ఎడమకి లాగుతుంది, అడిగానా? కరెంటు రోజూ నాలుగింటికి పోతుంది, అడిగానా? ఈ నిమిషంన్నర మాత్రం రాత్రంతా నిద్రపట్టనివ్వలేదు. ఐదంటే ఐదు కదా!

లారీ నడిపిన మా బాబాయికి చెప్పుకుంటే నవ్వాడు. "ఘాట్ ఎక్కేటప్పుడు గడియారం చూస్తారట్రా? బండి నెమ్మదిస్తే రేడియేటర్‌కి గాలేదీ?"

నిజమే, స్పీడు 130 మైళ్లకి పడిపోయింది. ఎక్కేటప్పుడు 170 ఉంచమంటారు. పొట్ట కింద రేడియేటర్ తలుపు ఆటోమేటిక్‌లోనే ఉంది, పాపం బార్లా తెరుచుకునే ఉంది. లోపలికి రావడానికి గాలి ఉండాలి కదా. అంతా ఒప్పుకుంటాను. కానీ ముల్లుగారూ, పానెల్లో ఓ మూల నక్కి కూర్చుని, ఒక్క మాటైనా అనకుండా, వెనక తెల్లటి ఆవిరి చార కనిపించేదాకా ఆగడమేంటి? చెప్పి చావొచ్చుగా! మా ఇంట్లో కుక్కర్‌కున్న బుద్ధి లేదా నీకు? అది విజిలన్నా వేస్తుంది!

క్షమించాలి, నోరు జారింది. బయట 45 డిగ్రీలు, మనిషికి కూడా గీత దాటే ఎండ.

ఇవాళ మళ్లీ ఎక్కాను. తమరు 115 చేరగానే 109ని వదిలేశాను, అదెంత ఊరించినా సరే. ముక్కు దించి, పవర్ 46 అంగుళాలకి తగ్గించి, స్పీడు పెరగనిచ్చాను. తమరు బుద్ధిగా 105కి దిగొచ్చారు. ఆ దిగడం చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, ముద్దొచ్చారు.

అన్నట్టు, గదిలో కూలర్ నీళ్లు అయిపోయి వేడిగాలి కొడుతోంది. ఈ ఆన్‌లైన్ ఆటకి పాజ్ లేదు. బోరింగ్ దగ్గర బకెట్ నింపుకొచ్చేదాకా, దయచేసి అక్కడే ఉండండి.

ఇట్లు,
తమ పైలట్