అర్జీ పెట్టడమే నేరమైతే

భూ వివాదాల్లో అర్జీలు మితిమీరాయని, అధికారి ఒకసారి తేల్చిన హక్కుపై పై మెట్టుకు వెళ్లే వీలును కుదిస్తే తప్ప రికార్డులు కుదుటపడవని వాదించేవారి గొంతు మళ్లీ పెరుగుతోంది. ఇదేదో పాలనా సంస్కరణ అన్నట్టు వారు మాట్లాడుతున్నారు గానీ, ఆరున్నర శతాబ్దాల కిందటే ఇంగ్లండు ఈ దారి తొక్కింది, దాని ఫలితమూ అనుభవించింది.

మధ్యయుగ ఇంగ్లండులో వెట్టి రైతుకు ఊరి భూస్వామి అయిన ప్రభువుతో భూమి తగాదా వస్తే రాజు కోర్టు గడప ఎక్కే హక్కు లేదు. ప్రభువు సొంత కోర్టులో, ప్రభువు నియమించిన అధికారి ముందే మొరపెట్టుకోవాలి. ఒక్క మినహాయింపు ఉండేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలవకముందు రాజు సొంత ఆస్తిగా ఉన్న ఊళ్లలో శిస్తునూ చాకిరీనీ ఇష్టానుసారం పెంచకూడదు. పెంచితే రైతులు నేరుగా రాజుకు విన్నవించుకోవచ్చు. ఏ ఊరు అలాంటిదో తేల్చేది 1086 నాటి డూమ్స్‌డే గ్రంథం, అంటే రాజు చేయించిన భూముల సర్వే పుస్తకం. 1377లో దక్షిణ ఇంగ్లండులోని నలభై దాకా గ్రామాల రైతులు డబ్బు పోగుచేసుకొని, ఆ గ్రంథంలో తమ ఊరి పద్దుకు నకళ్లు తెచ్చుకొని, వాటిని చూపి వెట్టికి వెళ్లడం మానేశారు. ఆ నకళ్లు రాసిచ్చింది రాజు కార్యాలయమే. రుసుము పుచ్చుకున్నదీ, రాజముద్ర వేసిందీ అదే.

ప్రభువులు బెదిరిపోయారు. రైతులు కూడబలుక్కుంటున్నారని, ఫ్రాన్సులో జరిగినట్టే ఇక్కడా తిరుగుబాటు వస్తుందని పార్లమెంటులో కామన్స్ సభ విన్నపం పెట్టింది. పదేళ్ల బాలరాజు రెండో రిచర్డ్ పేరిట వెంటనే చట్టం వచ్చింది. ఆ నకళ్లు చెల్లవన్నారు. చాకిరీ నిరాకరించినవారిని జైలులో పెట్టించే అధికారాన్ని విచారణ సంఘాలకు ఇచ్చారు. ప్రభువు ఒప్పుకుంటే తప్ప వారికి విడుదల లేదు. తగాదాలో ఒక పక్షాన్ని ఖైదు చేసి, జైలు తాళం రెండో పక్షం చేతికి ఇవ్వడమంటే ఇదే. ప్రభువుల విన్నపానికి చట్టం దక్కింది, రైతుల విన్నపానికి సంకెళ్లు దక్కాయి.

ఆ ఊళ్లలో చాలావాటికి డూమ్స్‌డేలో అలాంటి హోదా లేదన్నది నిజమే. అయితే దావా వీగిపోవడం వేరు, దావా వేయడమే నేరం కావడం వేరు. అంతకు నలభై ఏళ్ల ముందు, 1336లో, చెషైర్‌లోని డార్న్‌హాల్ రైతుల కథ చూడండి. రాజు మొదటి ఎడ్వర్డ్ తమ ఊరిని వేల్ రాయల్ మఠానికి ధారాదత్తం చేయకముందు తాము వెట్టివారం కామని వాదిస్తూ, వారు అప్పటి రాజు మూడో ఎడ్వర్డ్ ఎక్కడుంటే అక్కడికి వెతుక్కుంటూ పోయారు. నాటింగ్‌హామ్‌లో జైలు పాలయ్యారు. అయినా పార్లమెంటుకు అర్జీ పెట్టారు, రాణి ఫిలిప్పాను ఆశ్రయించారు. ఎక్స్‌టన్ దగ్గర మఠాధిపతి పరివారంతో ఘర్షణ జరిగి ఒక సేవకుడు ప్రాణం కోల్పోయాడు. చివరికి మఠాధిపతి మాటే నెగ్గింది. ఓడిపోయినా, మొర వినే చోటు ఒకటి ఉందన్న నమ్మకమే వారిని అంత దూరం నడిపించింది. 1377 చట్టం ఆ నమ్మకాన్నే తుడిచేసింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 1381లో రైతులు అర్జీలు మాని ప్రభువుల కోర్టు రికార్డులకు నిప్పు పెట్టారు.

తెలుగు నేలపైనా ఈ ప్రయోగం జరిగింది. తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ల్యాండ్ టైట్లింగ్ చట్టం హక్కు వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించింది. రెండూ నిలవలేదు: ఆంధ్రప్రదేశ్ చట్టాన్ని 2024లో రద్దు చేశారు, తెలంగాణ చట్టం స్థానంలో 2025లో భూభారతి చట్టం వచ్చి అప్పీలు వ్యవస్థను తిరిగి తెచ్చింది. ఆ తలుపును మళ్లీ మూయమనడం ఏ ప్రజల కోసం? పాసుపుస్తకం ఇచ్చేదీ, రుసుము వసూలు చేసేదీ, ముద్ర వేసేదీ ప్రభుత్వమే అయినప్పుడు, అందులో ఎకరం అరెకరంగా పడితే రైతు ఎవరి దగ్గరకు పోవాలి? అర్జీలు పెరిగాయని విసుక్కుంటున్న పెద్దలు ముందు తమ కార్యాలయాల్లో దొర్లిన తప్పులను దిద్ది చూపాలి. ఆ పని చేతకానివారికి రైతు నోరు నొక్కే హక్కు ఎవరిచ్చారు?