మేనమామ సంతకం లేని చట్టం

అవయవదానం మన దగ్గర ఎందుకు చాలినంత జరగడం లేదంటే ప్రభుత్వం అవగాహన లేదంటుంది. అసలు లోపం చట్టంలోనే ఉంది. 1994లో చేసి 2011లో సవరించిన అవయవ మార్పిడి చట్టం ‘దగ్గరి బంధువు’ అంటే ఎవరో జాబితా రాసింది: భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, తాతలు, అవ్వలు, మనవలు, మనవరాళ్ళు. అంతే. మేనమామ లేడు. నెల్లూరు జిల్లాలో పిల్లకి చెవులు కుట్టించాలన్నా ఎవరి ఒళ్ళో కూర్చోబెడతారో ఢిల్లీలో ఒక్కరికీ తెలియదని దీన్నిబట్టి రుజువైంది.

దాత మాటకైనా విలువుందా అంటే, కాగితం మీద ఉంది. ఆగస్టు 3న అవయవదాన దినోత్సవం. ర్యాలీ, టోపీలు, బ్యానరు. ఆ ఊపులో ఒక పెద్దమనిషి ఆధార్‌తో పేరు నమోదు చేసుకుని, సర్టిఫికెట్టు వాట్సాప్ స్టేటస్‌లో పెడతాడు. ‘గ్రేట్ సార్’ అని ఊరంతా మెచ్చుకుంటుంది. భార్యకి మాత్రం చెప్పడు, ఆమె తిడుతుందని. రేపు ఆయనకేమన్నా అయితే ఆసుపత్రివాళ్ళు స్టేటస్ చూడరు, ఇంటివాళ్ళని అడుగుతారు. వాళ్ళు వద్దంటే వద్దే. రెండెకరాల మాగాణి ఎవరికి పోవాలో ఆయన వీలునామా రాయగలడు గానీ, రెండు కిడ్నీల సంగతి ఆయన చేతుల్లో లేదు.

స్పెయిన్‌లో 1979 నుంచి వేరే పద్ధతి. వద్దని చెప్పనివాళ్ళు ఒప్పుకున్నట్టే లెక్క. వేల్స్ 2015లో, ఇంగ్లండ్ 2020లో అదే దారి పట్టాయి. అక్కడా డాక్టర్లు ఇంటివాళ్ళతో మాట్లాడకుండా ముట్టుకోరు, అది వేరే సంగతి. మౌనం అర్ధాంగీకారమని మన పెద్దలంటే, వాళ్ళు దాన్ని పూర్తి అంగీకారం చేసేశారు. మన దగ్గర నోరు తెరిచి చెప్పి, ఇద్దరు సాక్షులతో సంతకం పెట్టి, ఆధార్ కలిపినా అర్ధాంగీకారమే. మిగతా సగం మేనమామ రూపంలో కావలి నుంచి బస్సులో రావాలి.

అలాంటి చట్టం మనకీ కావాలనే మేధావులు ఒకటి గమనించాలి. అడగకుండా ఒప్పుకున్నట్టు రాసుకోవడం మనకేం కొత్త? ట్రంకురోడ్డు ఫ్లెక్సీలో మన ఫొటో వేసేముందు ఎవరన్నా అడిగారా? పెళ్ళిచూపుల్లో తల వంచుకున్న పిల్లని అడిగారా? ఇంత అనుభవం ఉన్న జాతి అవయవాల దగ్గరకొచ్చేసరికి ఎందుకంత మర్యాద పాటిస్తోందో అర్థం కాదు.

ఇక ఐసీయూ బయటి సంగతి. బ్రెయిన్ డెడ్ అని తేల్చడానికి నలుగురు డాక్టర్ల బోర్డు ఉండాలి, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. అదంతా అయ్యాక ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ తరఫున ఒక అమ్మాయి వచ్చి ఇంటివాళ్ళని మెల్లగా అడుగుతుంది. భార్య కళ్ళు తుడుచుకుని పెన్ను తీసుకునేలోపు ఆమె తమ్ముడు, అంటే పిల్లల మేనమామ, బస్సు దిగుతాడు.

“అక్కా, గుండె కొట్టుకుంటా ఉంటే పోయాడంటారేంది? సంతకం పెట్టబాక.”

నిజం చెప్పాలంటే అది మంచి ప్రశ్న. కొట్టుకుంటున్నది వెంటిలేటరు ఊపిరి అందిస్తున్నంత వరకేనని, మెదడు కాండం పోతే మనిషి తిరిగి రాడని ఆయనకి అప్పటిదాకా ఎవరు చెప్పారు గనక? టోపీ మీద ఆ ముక్క రాయలేదు. రెండో ప్రశ్న మాత్రం అంత మంచిది కాదు: కళ్ళిస్తే వచ్చే జన్మలో గుడ్డివాడిగా పుడతాడంట కదా? బోడిగాడితోట శ్మశానంలో కట్టెల మీద పెట్టాక ఆ కళ్ళు ఎక్కడ భద్రంగా ఉంటాయో ఆయన్ని ఎవరూ అడగరు. మేనమామని ఎదురు ప్రశ్న వేసే ఆచారం మన వైపు లేదు.

కాబట్టి ప్రభుత్వానికి నా మనవి. ర్యాలీలు కాలేజీ పిల్లలతో కాదు, మేనమామలతో పెట్టండి. తమిళనాడు 2023 నుంచి దాతలకి ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేయిస్తోంది. మనం ఇంకొక మెట్టు పైకెక్కి, మేనమామకి శాలువా కప్పాలి. ఇంటివాళ్ళు సంతకం పెట్టే ఫారం 8లో ఆయనకొక గడి కేటాయించాలి. తనని ముందు అడగలేదని ఆయన అలిగే ప్రమాదం ఉంది గనక, దానికీ రూల్స్‌లో గడువు పెట్టాలి. పెళ్ళిలో అయితే ముహూర్తం దాటినా పంతులు సర్దుతాడు. కళ్ళు మాత్రం ప్రాణం పోయిన ఆరు గంటల్లోపు తీయాలి. అందుచేత అలక ఐదున్నర గంటలకు మించరాదు.