పేరు ముందా, చెవి ముందా?

(ఇంటి దగ్గరే చదువుకునే పిల్లలకు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్నీ, దాని స్వరకర్తలనూ గుర్తుపట్టడం ఎలా నేర్పాలన్నది వాదం. ఇంట్లో పాఠాలు చెప్పే అక్కది పేర్ల పక్షం. వయొలిన్ నేర్పే తమ్ముడిది చెవి పక్షం.)

అక్క: నా పద్ధతి సూటిగా ఉంటుందిరా. ఏడాదికి 24 మంది స్వరకర్తలు, ఒక్కొక్కరికి రెండు వారాలు. ఒక్కొక్కరికి ఒక అట్ట ముక్క. దాని మీద ముందువైపు పేరు, జనన మరణ సంవత్సరాలు, వెనకవైపు మూడు రచనలు. రోజూ అరనిమిషం ముక్కలు అయిదు వినిపించి, ఎవరివో చెప్పమంటాను.

తమ్ముడు: ఆ అరనిమిషం ప్రతిసారీ రచన మొదట్నుంచేనా అక్కా?

అక్క: మొదట్నుంచే. అసలు బాణీ ఉండేది అక్కడేగా.

తమ్ముడు: చిక్కంతా అక్కడే ఉంది. సింఫనీ అంటే ఆర్కెస్ట్రా కోసం మూవ్‌మెంట్లనే భాగాలుగా రాసే పెద్ద రచన. బీతోవెన్ అయిదో సింఫనీ మొదటి నాలుగు స్వరాలు రెండుసార్లు విన్న ఏ పిల్లాడైనా పేరు చెప్పేస్తాడు. అదే సింఫనీ మూడో మూవ్‌మెంట్‌లో హార్న్‌లనే ఊదే వాద్యాలు గట్టిగా అందుకునే చోటు పెట్టి చూడు. అక్కడా అదే నడక, మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం. నడక తెలిసినవాడు పట్టేస్తాడు. మొదటి ముక్క మాత్రమే తెలిసినవాడు ఎవరిదో కొత్త రచన అనుకుంటాడు. ఒకే రికార్డింగు పదే పదే పెడితే ఇంకో నష్టం కూడా ఉంది. హాలు మోత, మొదటి స్వరానికి ముందుండే సన్నని చప్పుడు, ఇవే పిల్లలకు గుర్తులైపోతాయి. వేరే బృందం కాస్త నెమ్మదిగా వాయిస్తే తెల్లమొహం వేస్తారు.

అక్క: దానికి మందు సులువే. ముక్క మధ్యలోంచి మొదలుపెడతాను, ప్రతి రచనకూ రెండు రికార్డింగులు ఉంచుకుంటాను. పేరు వద్దనడానికి అది కారణం కాదు. ఇంట్లో చదివే పిల్లలకు పక్క బెంచీ ఉండదు, ఏడాది చివర పరీక్షా ఉండదు. ఏం వచ్చిందో, ఏం రాలేదో నాకు తెలిసేదెలా? పేరు తెలియని పిల్లాడు "ఆ హుషారైనది పెట్టు" అంటాడు, అక్కడితో ఆగిపోతాడు. వివాల్డి అని తెలిస్తే నాలుగు ఋతువుల కన్సర్టోలు (ఒక వాద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో వాయించే రచనలు) అయ్యాక ఆయన ఇంకేం రాశాడో తనే వెతుక్కుంటాడు.

తమ్ముడు: పేరు వద్దనట్లేదు అక్కా, మొదటి రోజు వద్దంటున్నాను. త్యాగరాజ కృతిలో చివరి చరణం దాకా వింటే పేరు అందులోనే వస్తుంది. ఇక్కడ చాలా రచనల్లో మాటే ఉండదు. రష్యన్ స్వరకర్త షోస్తకోవిచ్ తన పేరులోని అక్షరాలను జర్మన్ స్వరనామాలుగా మార్చి నాలుగు స్వరాల సంతకం చేశాడు. 1960 నాటి ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగ వాద్యాల రచన) ఆ నాలుగు స్వరాలతోనే మొదలవుతుంది. కానీ అది అరుదు. మిగతా చోట్ల సంతకం వాద్యాల్లో, నడకలో, కట్టుబడిలో ఉంటుంది. మొదటి రోజే పేరు చెప్పేస్తే జవాబు దొరికిందని పిల్లాడు వినడం మానేస్తాడు.

అక్క: సరే, నీ వారం ఎలా నడుస్తుందో చెప్పు. గాల్లో మాటలొద్దు.

తమ్ముడు: వారానికి ఒకే రచన, మూడు నుంచి అయిదు నిమిషాలది. రోజుకు పది నిమిషాలు చాలు. మొదటి రోజు పేరు చెప్పకుండా రెండుసార్లు వినాలి. రెండో రోజు బాణీని గొంతుతో పాడాలి. శ్రుతి తప్పినా పర్వాలేదు, ఎక్కుతున్నదీ దిగుతున్నదీ సరిగ్గా ఉంటే చాలు. ఈ మెట్టు దాటేయడానికి లేదు. గొంతులోకి రాని బాణీ నెల తర్వాత గుర్తుండదు. మూడో రోజు వాద్యాలు, నాలుగో రోజు ఇంకో బృందం వాయించినది. అయిదో రోజు పేరు, దేశం, కాలం. గోడ మీద 1600 నుంచి ఇప్పటిదాకా ఒక పొడవాటి కాగితం అతికించి, ఆ పేరును దాని చోట రాయాలి. తర్వాత అదే రచన రెండు వారాల తర్వాత ఒకసారి, ఆరు వారాల తర్వాత ఒకసారి చెప్పకుండా మధ్యలోంచి వినిపించాలి.

అక్క: ఆరేళ్ల పిల్లకు వాద్యాలు విడివిడిగా ఎలా వినిపిస్తాయి?

తమ్ముడు: ప్రొకోఫియెవ్ 1936లో 'పీటర్ అండ్ ద వుల్ఫ్' రాసింది అచ్చంగా పిల్లల కోసమే. పిట్టకు ఫ్లూట్, బాతుకు ఓబో, పిల్లికి క్లారినెట్, తాతకు బసూన్, తోడేలుకు మూడు హార్న్‌లు. ఒక్కో బొమ్మ గీసి ముందు పెట్టు, వాద్యం వచ్చినప్పుడల్లా ఆ బొమ్మను ముట్టుకోమను. తర్వాత సాన్-సాన్స్ 1886లో రాసిన 'కార్నివాల్ ఆఫ్ ద యానిమల్స్'. ఏనుగుకు డబుల్ బేస్, హంసకు సెల్లో. అందులో తాబేళ్ల ముక్క బంగారం. ఆఫెన్‌బాక్ అనే ఇంకో స్వరకర్త రాసిన హుషారైన క్యాన్‌క్యాన్ నాట్యపు బాణీని సాన్-సాన్స్ తీసుకుని బాగా నెమ్మది చేసి పెట్టాడు. ముందు అసలుది వినిపించి, వారం తర్వాత తాబేళ్లను వినిపిస్తే బాణీ పోల్చే చెవి వచ్చిందో లేదో తేలిపోతుంది.

అక్క: ఆ ఏనుగు ముక్క ఫోన్‌లో పెడితే ఏమీ వినపడదు, పియానో తప్ప.

తమ్ముడు: ఫోన్ చిన్న స్పీకరు కింది స్వరాలను పలకలేదు. కాస్త పెద్ద స్పీకరో, మంచి హెడ్‌ఫోనో ఉండాల్సిందే. తెర కూడా తిప్పేయాలి. చదవడం వచ్చిన పిల్లలు పేరు చదివేస్తారు, రానివాళ్లు ఆల్బమ్ అట్ట మీది బొమ్మను గుర్తుపడతారు. వరస కూడా రోజూ మార్చాలి, లేకపోతే బీతోవెన్ తర్వాత బాక్ అని వరసే కంఠతా వచ్చేస్తుంది. ఇద్దరు పిల్లలుంటే జవాబు నోటితో వద్దు. చీటీ మీద రాయాలి, రాయలేని వాళ్లు బొమ్మ చూపాలి.

అక్క: ఇంతవరకూ బాగుంది. అసలు ప్రశ్న మిగిలింది. ఎప్పుడూ వినని రచన పెట్టి ఎవరిదంటే, పేర్ల జాబితా మనసులో లేని పిల్లాడు ఏం చెప్తాడు?

తమ్ముడు: ఎవరిది కాదో చెప్తాడు. బాక్ 1750లో పోయాడు, క్లారినెట్‌కు ఆయన రాయలేదు. క్లారినెట్ వినపడితే బాక్‌ను తీసేయొచ్చు.

అక్క: అంత తొందరొద్దు. బాక్ రచనలను తర్వాతివాళ్లు పెద్ద ఆర్కెస్ట్రాకు మార్చి రాశారు, అందులో క్లారినెట్‌లుంటాయి. పాత మీటల వాద్యమైన హార్ప్సికార్డ్‌కు రాసినవి ఇవాళ పియానో మీద వాయిస్తున్నారు. ముసోర్గ్‌స్కీ 1874లో పియానోకు రాసిన 'పిక్చర్స్ ఎట్ ఎన్ ఎగ్జిబిషన్' మనకు వినపడేది ఎక్కువగా 1922లో రావెల్ ఆర్కెస్ట్రాకు మలిచిన రూపంలో. వాద్యాన్ని చూసి తీర్పిస్తే అక్కడ బోల్తా పడతాడు.

తమ్ముడు: ఒప్పుకుంటాను. అందుకే వాద్యం తర్వాత కట్టుబడి నేర్పాలి. బాక్ 'వెల్ టెంపర్డ్ క్లావియర్' మొదటి పుస్తకంలో సి మైనర్ ఫ్యూగ్ తీసుకో. ముందు ఒక్క గొంతు (పాడే గొంతు కాదు, విడిగా సాగే స్వరాల వరస) బాణీ ఎత్తుకుంటుంది, రెండోది వేరే స్థాయిలో అదే అందుకుంటుంది, తర్వాత మూడోది. బాణీ వచ్చినప్పుడల్లా వేలు ఎత్తమను. ఏ వాద్యం మీద వాయించినా ఆ అల్లిక మారదు. హైడన్ దగ్గర అలా కాదు, పైన బాణీ, కింద తోడు. 94వ సింఫనీ రెండో మూవ్‌మెంట్‌లో చిన్నగా సాగే బాణీ ఇంకా చిన్నదై, ఉన్నట్టుండి ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి ఢామ్మంటుంది. పిల్లలు ఆ దెబ్బను మర్చిపోరు, కానీ దాని కోసమే ఎదురుచూసి ముందున్న బాణీ వినరు. కాబట్టి ఆ బాణీ పాడించాకే దెబ్బ వినిపించు.

అక్క: హైడన్‌ను, మొజార్ట్‌ను పెద్దవాళ్లే తారుమారు చేస్తారు. దానికి మార్కులు తీసేయను. కారణం సరిగ్గా చెప్తే చాలు. కానీ పేర్లు చెప్పేటప్పుడు నిజమైనవే చెప్పాలి కదా? జి మేజర్ మినుయెట్ అని పియానో నేర్చుకునే ప్రతి పిల్లా వాయించేది బాక్‌ది అంటారు. అది ఆయన భార్య అన్నా మగ్దలేనా నోటు పుస్తకంలో ఉంది, రాసింది క్రిస్టియన్ పెట్జోల్డ్. 'ట్వింకిల్ ట్వింకిల్' బాణీ మొజార్ట్‌ది అంటారు. అది ఫ్రాన్సులోని పాత పాట, ఆయన రాసింది దాని మీద పన్నెండు వేరియేషన్లు (ఆ బాణీనే మార్చి మార్చి వాయించే రూపాలు). ఇంటర్నెట్‌లో దొరికే ఫైళ్ల మీద తప్పుడు పేర్లకు లెక్కలేదు. ఓపస్ సంఖ్య, అంటే స్వరకర్త రచనల వరస సంఖ్య, బాక్ అయితే ఆయన రచనల జాబితాలోని బీడబ్ల్యూవీ సంఖ్య, మొజార్ట్ అయితే అలాంటి జాబితాలోని కోహెల్ సంఖ్య సరిచూడకుండా అట్ట మీద రాయకూడదు. పేరు గురించి ఇంత జాగ్రత్త పడేవాళ్లం, దాన్ని అయిదో రోజు దాకా దాచడం నాకు నచ్చలేదు. నేను మూడో రోజు చెప్తాను.

తమ్ముడు: చెప్పు. కానీ బాణీ నోట్లోంచి వచ్చాకే. రెండో రోజు పాడలేకపోతే మూడో రోజు కూడా పాడించు, అట్ట నాలుగో రోజుకు జరుగుతుంది.

అక్క: జరగనీ. అయిదు మాత్రం దాటనివ్వను.