విరేచనాలు లేవని వదిలేయొద్దు

నెలల తరబడి ఐరన్ సిరప్ తాగించినా హిమోగ్లోబిన్ పెరగదు. ఏడాది గడిచినా నిరుటి యూనిఫామే సరిపోతుంది. ‘మా ఇంట్లో అందరూ పొట్టే’ అని పెద్దలు సరిపెట్టుకుంటారు. డాక్టరు ఇంకో సిరప్ రాస్తారు. ఇలాంటి పిల్లల్లో కొందరిది సీలియాక్ జబ్బు. గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ధాన్యం) గింజల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు పడక, ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు లోపొరను దెబ్బతీస్తుంది. పొట్ట ఉబ్బి, విరేచనాలతో చిక్కిపోయిన పసిబిడ్డకే ఈ జబ్బు వస్తుందనుకుంటే, బడికెళ్లే వయసు పిల్లల్లో చాలామందిని గుర్తించలేం.

ఇనుము ఒంటికి పట్టేది ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగంలో. ఈ జబ్బు ఎక్కువగా దెబ్బకొట్టేదీ అక్కడే. సరైన మోతాదులో మందు వేస్తే నెలకు కనీసం ఒక గ్రాము హిమోగ్లోబిన్ పెరగాలి. పెరగకపోతే నులిపురుగులు, తలసీమియాతో పాటు సీలియాక్‌నూ అనుమానించాలి. శాశ్వత దంతాలపై రెండు వైపులా ఒకే తీరున గాడులు, తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వచ్చే నోటిపూత, మోచేతులు, మోకాళ్లపై దురదపెట్టే పొక్కులు, రక్తంలో ఎస్‌జీపీటీ అనే కాలేయ ఎంజైమ్ కారణం తెలియకుండా పెరగడం, రజస్వల ఆలస్యం కావడం... ఇవన్నీ దాని జాడలే. మలబద్ధకం కూడా! తోబుట్టువుకు ఈ జబ్బున్నా, బిడ్డకు టైప్ 1 మధుమేహం, డౌన్ సిండ్రోమ్ ఉన్నా లక్షణాల కోసం ఎదురుచూడకుండా పరీక్ష చేయించాలి.

ఇది ఉత్తరాది జబ్బన్న మాటకు ఆధారం లేకపోలేదు. 2016లో వెలువడిన అధ్యయనంలో ఉత్తరాది పెద్దల్లో 1.23 శాతం మందికి, దక్షిణాదిలో 0.10 శాతం మందికే రక్తంలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు కనిపించాయి. జన్యువుల్లో అంత తేడా లేదు. గోధుమ వాడకం మాత్రం అక్కడ రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25. ఇప్పుడు మన ఇళ్లలోనూ రాత్రి చపాతీ, పొద్దున బ్రెడ్డు, మధ్యలో బిస్కెట్లు. తెలంగాణ అంగన్‌వాడీలు పసిపిల్లలకు ఇచ్చే బాలామృతం పిండిలో ప్రధాన దినుసు గోధుమే.

అనుమానం రాగానే చపాతీ మాన్పించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. యాంటీబాడీలు తగ్గిపోయి, జబ్బున్నా పరీక్ష మామూలుగా వస్తుంది. ముందు ఈ యాంటీబాడీలను చూసే టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష, దానితోపాటే ఒంట్లో ఐజీఏ రకం యాంటీబాడీలు మొత్తం ఎన్ని ఉన్నాయో చెప్పే మొత్తం ఐజీఏ పరీక్ష చేయించాలి. ఐజీఏ సహజంగానే తక్కువున్న పిల్లల్లో మొదటి పరీక్ష ఒక్కటే చూస్తే మోసపోతాం. టీటీజీ ఫలితం మామూలు గరిష్ఠ పరిమితికి పదిరెట్లు దాటి, రెండోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే మరో యాంటీబాడీ పరీక్ష కూడా పాజిటివ్ అయితే, 2020 నాటి యూరప్ మార్గదర్శకాల ప్రకారం ఎండోస్కోపీ లేకుండానే నిర్ధారించవచ్చు. మిగతావారికి ఎండోస్కోపీతో చిన్నపేగు ముక్క తీసి చూసే బయాప్సీ కావాలి.

తేలాక పథ్యం జీవితాంతం. అన్నం, జొన్న, రాగి, సజ్జ తినొచ్చు. బొంబాయి రవ్వ, సేమియా కూడదు. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమపిండో మైదానో కలుపుతారు కాబట్టి పులిహోర పోపు దగ్గరా లేబుల్ చూడాలి. గోధుమలు ఆడిన మరలోనే జొన్నలు ఆడిస్తే ఆ పిండీ పనికిరాదు.

జిల్లా ఆసుపత్రులన్నిటిలో టీటీజీ ఐజీఏ, మొత్తం ఐజీఏ రక్తపరీక్షలు ఉచితంగా చేయాలని, జబ్బు తేలిన చిన్నారులకు అంగన్‌వాడీల్లో గోధుమ లేని పిండిని విడిగా ఇవ్వాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను కోరుతున్నాం.