అవ్వ ముల్లెలో లక్షలు లేవు బావా

మహారాష్ట్రలోని రాజురాలో మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఈ నెలలో ఐదోసారి వచ్చింది ఆ మెసేజ్. "1947 వరకు మన రూపాయి స్వచ్ఛమైన వెండి. అప్పుడు రూపాయికి ఒక డాలర్. స్వాతంత్ర్యం రాగానే మన నాయకులు వెండి మింగేసి పనికిరాని లోహం చేతిలో పెట్టారు. 1911లో తెల్లోళ్లు రూపాయి మీద పంది బొమ్మ వేశారు. మీ ఇంట్లో విక్టోరియా రాణి రూపాయి ఉంటే లక్షలొస్తాయి, ఈ నంబరుకు ఫోటో పంపండి." నాలుగుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నా. ఐదోసారి పంపింది మా బావ. ఇక ఆగలేకపోయా.

డాలర్ లెక్క ఒక్క ముక్కలో తేలిపోతుంది. 1927 నుంచి రూపాయికి 18 బ్రిటిష్ పెన్నీలు, 240 పెన్నీలైతే ఒక పౌండు, 1947లో పౌండుకు 4.03 డాలర్లు. అంటే డాలరుకు మూడు రూపాయల పైనే. తర్వాత?

స్వచ్ఛమైన వెండి కూడా కాదు. 1835 నుంచి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అందులో వెండి 165. ఆ రూపాయి బరువే మన పాత తులం, 11.66 గ్రాములు. ఇప్పుడు షాపులో పది గ్రాములనే తులం అంటున్నారు, దాని మీద మాత్రం ఎవరూ మెసేజ్ పెట్టరు.

అసలు 'మన రూపాయి' అంటే ఏది? అప్పట్లో రాజురా నిజాం రాజ్యం, ఆదిలాబాద్ జిల్లా. ఇక్కడ నడిచింది నిజాం సొంత రూపాయి, హాలీ సిక్కా. వార్ధా నది దాటి బల్లార్‌పూర్ పోతే కల్దారు, అంటే బ్రిటిష్ రూపాయి. ఏడు హాలీ రూపాయలు ఇస్తే ఆరు కల్దార్లు. మా అవ్వ ముల్లెలో రెండూ ఉండేవి, రాణి బొమ్మవీ చార్మినార్ బొమ్మవీ.

నాయకులు మింగారా? 1940లో యుద్ధానికి భయపడి జనం రూపాయలు దాచుకుంటుంటే వెండిని సగానికి తగ్గించింది బ్రిటిష్ సర్కారు. మరుసటి ఏడే విక్టోరియా రూపాయి చెల్లకుండా పోయింది. 1947 రూపాయి పూర్తిగా నికెల్, ఒకవైపు పులి, రెండోవైపు ఆరో జార్జి. ఆయన మన నాయకుడైతే నాదే తప్పు. పైగా యుద్ధంలో అమెరికా దగ్గర అప్పు తెచ్చిన వెండిలో మన వాటాను 1957లో తిరిగి కట్టింది మన దేశమే.

ఇక లక్షలు. మా పెద్దమ్మ కొడుకు నిజంగానే ఫోటో పంపాడు. అరగంటలో ఫోన్: "సార్, మీ నాణేనికి మూడు లక్షలు. రిజిస్ట్రేషన్‌కు 1,850 కట్టండి." కట్టాడు. తర్వాత జీఎస్టీ అన్నారు, ఆ తర్వాత కొరియర్ ఇన్సూరెన్స్. పద్నాలుగు వేలు పోయాక ఆ నంబరు స్విచ్చాఫ్. ఇంట్లో చెప్పుకోలేక పది రోజులు టెన్షన్‌తో సరిగా తినలేదు. ఇలా పాత నాణేల పేరుతో తన పేరే వాడుకుని చార్జీలు అడుగుతున్నారని 2021లో రిజర్వ్ బ్యాంకే హెచ్చరించింది. అయ్యా, కొనేవాడు డబ్బిస్తాడా, అడుగుతాడా? విక్టోరియా రూపాయలు కోట్లలో అచ్చేశారు. మామూలువాటికి, అరిగిపోయినవాటికి, వెండి ధర మీద కాస్త ఎక్కువొస్తే గొప్ప. ఇంట్లో ఉన్నది నిజంగా అరుదైనదేమో అని అనుమానముంటే తెలిసినవాడికి చేతికిచ్చి చూపించండి. ఫోన్లో కాదు.

పంది మాట కూడా నవ్వి కొట్టిపారేద్దామనుకున్నా. తీరా చూస్తే అది చాలావరకు నిజం. 1911 రూపాయి మీద అయిదో జార్జి అంగీపై ఏనుగు బొమ్మ ఉంది. తొండం పొట్టిదై జనానికి పందిలా కనబడి గొడవైంది. సర్కారు ఆ రూపాయలను వెనక్కి తీసుకుని 1912లో ఏనుగును సరిచేసింది. ఇందులో మాత్రం మెసేజ్ రాసినవాడిదే గెలుపు.

ఈ పంది సంగతి నేను చదివిన రాత్రే బావ వచ్చాడు. అవ్వ ముల్లె విప్పి, జార్జి రూపాయిని బల్బు కిందికి తెచ్చి భూతద్దం పెట్టాం. తొండం చక్కగా ఉంది. వెనక్కి తిప్పితే 1919.