ఒక్క స్వరమేనా? కాస్త ఆగి వినండి

ఇటలీ స్వరకర్త జచింతో షెల్సి (1905–1988) స్ట్రింగ్ క్వార్టెట్లను (రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిసి వాయించే రచనలు) ఆర్దిత్తి క్వార్టెట్ అనే బృందం వాయించిన రికార్డింగ్ గురించి మీ వ్యాసంలో రాస్తూ, "ఒకే స్వరాన్ని సాగదీయడమే" అని తేల్చేశారు. ఈ మాట నాకు మింగుడు పడలేదండీ.

1964 నాటి నాలుగో క్వార్టెట్ మళ్ళీ వినండి, ఈసారి హెడ్‌ఫోన్స్‌తో. దాని స్వరలిపిలో వాయిద్యానికి ఒక వరుస చొప్పున కాకుండా, తీగ తీగకీ విడిగా వరుస గీసి ఉంటుంది. తీగల శ్రుతి కూడా మామూలుది కాదు, మార్చి బిగించాలి. అందుకే ఒకే స్వరం రెండు తీగల మీద వెంట్రుకవాసి తేడాతో మోగి, మధ్యలో గాలి కంపించినట్టు ఉంటుంది. పది నిమిషాల్లో శ్రుతి మెల్లగా పైకి పాకుతుంది, ఎప్పుడు పాకిందో పట్టుకోలేం. తంబూరా శ్రుతి చేసేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళకి ఈ అనుభవం కొత్తేమీ కాదు.

మొదటి క్వార్టెట్ మాత్రం నాకూ బోర్ కొట్టింది, అది పాత పద్ధతిలోనే ఉంటుంది. ఇంకోటి, ఆయన కీబోర్డు మీద ఆశువుగా వాయించి టేపు చేస్తే, వేరేవాళ్ళు దాన్ని స్వరలిపిలో పెట్టేవారు. ఆయన పోయాక ఇటలీలో దీని మీద పెద్ద గొడవే అయింది. మీ వ్యాసంలో ఆ ఊసే లేదేం?