టెక్స్ట్ ఆటకు క్లయింట్: ముందు చెవికి పరీక్ష పెట్టాలి

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ ముందుకు తీసుకెళ్లిన ‘మడ్’ ఆటలో బొమ్మ ఒక్కటి కూడా ఉండదు. గది వర్ణన, శత్రువు రాక, తోటి ఆటగాడి పలకరింపు అన్నీ అక్షరాలే. ఆ కోవకు చెందిన ఆటలు నేటికీ నడుస్తున్నాయి. చూపున్నవారూ లేనివారూ ఒకే లోకంలో సమానంగా ఆడగలగడం వీటిలోని అరుదైన గుణం. అందుకే మన కంప్యూటర్‌ను సర్వర్‌కు, అంటే ఆట నడిచే దూరపు కంప్యూటర్‌కు, కలిపే ప్రోగ్రాం (క్లయింట్) ఏది వాడాలన్న చర్చను రంగులు, మ్యాపులు, హంగులతో మొదలుపెట్టడం పొరపాటని నా అభిప్రాయం. ఆ అక్షరాలు చెవికి ఎలా చేరుతున్నాయో ముందు చూడాలి.

మలక్‌పేటలో ఉండే నా మిత్రుడు ఒకరు తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ సాయంతో ఆడతారు. తొలినాళ్లలో ఆయన వాడినది మామూలు టెల్‌నెట్ విండో, అంటే దూరపు కంప్యూటర్‌తో అక్షరాల్లోనే మాట్లాడే పాత పద్ధతి. అందులో సర్వర్ పంపే వాక్యాలు, మనం టైప్ చేస్తున్న ఆదేశం మధ్యలోకి చొరబడతాయి. పోరు మొదలైతే పంక్తులు వరదలా వచ్చి పడతాయి; మొదటి దెబ్బ వివరం వినిపిస్తుండగానే పాత్ర నేలకూలిన సందర్భాలు ఆయనకు చాలానే ఉన్నాయి.

ఇలాంటి ఆటల కోసమే తయారైన మష్‌క్లయింట్‌కు మారాక పరిస్థితి తిరగబడింది. ఆదేశాలకు విడిగా ఒక గడి ఉంటుంది. అనవసరమైన పంక్తులను ట్రిగ్గర్లతో (ఫలానా మాట వస్తే ఫలానా పని చేయమనే నియమాలతో) దాచేయవచ్చు, ప్రమాద సూచనకు ఒక శబ్దం పెట్టుకోవచ్చు. జీఎంసీపీ అనే పద్ధతిని పాటించే సర్వర్లు ప్రాణశక్తి వంటి అంకెలను కథనంలో కలపకుండా వేరే దారిలో పంపుతాయి కనుక, కావాలనుకున్నప్పుడు ఒక్క మీట నొక్కి వాటిని వినేలా స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాసుకోవచ్చు. చూపున్నవారికి ఇది సౌకర్యం మాత్రమే. ఆయనకు మాత్రం ఆటలో నిలవడమో, ఓడిపోవడమో దీనిమీదే ఆధారపడి ఉంటుంది.

మష్‌క్లయింట్ ప్రధానంగా విండోస్‌కు చెందినది. మ్యాక్, లినక్స్ వాడేవారికి మడ్‌లెట్ ఉంది, దాని ఇటీవలి వెర్షన్లు స్క్రీన్ రీడర్‌తో బాగానే పనిచేస్తున్నాయి. రెండూ ఓపెన్ సోర్సే (లోపలి కోడ్ అందరికీ అందుబాటులో ఉంటుంది), రెండింటిలోనూ స్క్రిప్టులు లువా భాషలో రాయవచ్చు. నెలల తరబడి శ్రమించి రాసుకున్న స్క్రిప్టులు ఒక కంపెనీ మూతపడగానే వృథా కాకూడదనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. అమీర్‌పేట హాస్టల్ వైఫైలో ఆడే విద్యార్థులు ఇంకొకటి గమనించాలి: టెల్‌నెట్‌లో పాస్‌వర్డ్ ఏ మరుగూ లేకుండా వెళ్తుంది. సర్వర్, క్లయింట్ రెండూ అనుమతిస్తే, సమాచారాన్ని రహస్య సంకేతాలుగా మార్చి పంపే టీఎల్‌ఎస్ ఎంచుకోవాలి.

తెలుగు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అన్ని భాషల లిపులకూ పనికొచ్చే యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిని ఎంచుకున్నా, అక్షరానికి ఒక గడి చొప్పున గీసే క్లయింట్లలో మన వత్తులు చెదిరి పక్కదానిపైకి ఎక్కుతాయి. మొన్న ‘లక్ష్మి’ అని పంపి చూశాం. నా తెర మీద అది ముక్కలైంది. ఆయన హెడ్‌ఫోన్‌లో మాత్రం సరిగ్గానే పలికింది.